పరపతి లేనివాడి పాట

మా ఆవిడ మేనమామ ఖమ్మంలో ముప్పై ఏళ్ళు చిట్‌ఫండ్ నడిపి, మూడేళ్ళ కిందట మూసేశారు. కంటి పరీక్షకని హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగారు. మా ఆవిడ చేసే పని స్టార్టప్ వాళ్ళకి పిచ్ నేర్పడం. ఏ స్లైడు ముందు రావాలి, ఏ అంకె పెద్దగా కనపడాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అదీ వరస. "దీనికి జీతం కూడా ఇస్తారా?" అని ఆయన నాలుగు రోజులుగా అడుగుతుంటే ఉక్రోషం పట్టలేక, శుక్రవారం సాయంత్రం రాయదుర్గం వైపు ఒక హాల్లో జరిగిన పిచ్ ఈవెంట్‌కి వెంటబెట్టుకెళ్ళింది. ఏడుగురు ఫౌండర్లు, మనిషికి 5 నిమిషాలు, జడ్జీల ప్రశ్నలకి ఇంకో 3. ఆ తర్వాత సమోసాలు, కాఫీ, విజిటింగ్ కార్డులు. అక్కణ్ణించి నిజాంపేట చేరడానికి గంటన్నర పట్టింది. కారు నడిపింది నేను. కిందిదంతా వెనక సీట్లో జరిగింది. ఆయన ఆవిణ్ణి 'అమ్మాయ్' అంటారు కనక ఇక్కడా అలాగే రాస్తున్నాను. నన్ను సాక్ష్యానికి లాగాలని ఇద్దరూ చూశారు. ట్రాఫిక్ సాకు చెప్పి తప్పించుకున్నాను.

మామయ్య: అమ్మాయ్, ఆ రెండో పిల్ల కోటి రూపాయలు అడిగి, 10 శాతం వాటా ఇస్తానంది కదా. అంటే ఆ కంపెనీ 10 కోట్లదా?

అమ్మాయి: డబ్బు వచ్చి చేరాక 10. చేరకముందు 9.

మామయ్య: నెలకి అమ్మకం ఎంతని చెప్పింది?

అమ్మాయి: 40 వేలు.

మామయ్య: వైరా రోడ్డు మీద మా ఇడ్లీ బండివాడు అంతకన్నా ఎక్కువే అమ్ముతాడు. వాడికి 9 కోట్లు విలువ కట్టేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, వాడి కాళ్ళకి దండం పెడతాను.

అమ్మాయి: నీలాంటి మామయ్యలు ఆదాయపు పన్ను శాఖలోనూ ఉన్నారులే. 2012లో చట్టం 56వ సెక్షన్‌కి ఒక ముక్క తగిలించారు. కంపెనీ తన షేరుని సరైన విలువకి మించి అమ్మితే, ఆ మించిన డబ్బంతా ఆదాయమేనట, పన్ను కట్టమన్నారు. ఏంజెల్ ట్యాక్స్ అని పేరు పడింది దానికి. పెట్టుబడిగా వచ్చిన డబ్బుని సంపాదన అంటే ఎలాగ? అది వదలడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు.

మామయ్య: పెట్టినవాడు లోకం తెలిసినవాడు.

అమ్మాయి: ఇడ్లీ బండి పదేళ్ళ తర్వాత కూడా ఇడ్లీ బండే మామయ్యా. మహా అయితే రెండు బండ్లు. ఇక్కడ డబ్బు పెట్టేవాడి లెక్క వేరు. 100 కోట్ల ఫండు ఉందనుకో. 20 కంపెనీల్లో పెడతాడు. సగం పైగా మునుగుతాయి. కొన్ని పెట్టింది పెట్టినట్టు ఇస్తాయి. ఒకటో రెండో మాత్రం మొత్తం ఫండుని ఒడ్డుకి లాగాలి, అదీ పదేళ్ళ లోపల. అందుకని ప్రతివాణ్ణీ 'నువ్వు ఆ ఒక్కడివి అవుతావా' అన్నట్టే చూస్తాడు. ఏడాదికి 20 లక్షల లాభం తెచ్చే చక్కటి వ్యాపారం వాడికి పనికిరాదు.

మామయ్య: 20 లక్షల లాభం పనికిరాదా! ఈ మాట మైకులో ముందే ఎందుకు చెప్పరు?

అమ్మాయి: చెబితే సగం మంది రారు.

(ఆ ముక్క నోరు జారి వచ్చిందని అద్దంలో కనపడింది. మైండ్‌స్పేస్ జంక్షన్ దాకా ఎవరూ మాట్లాడలేదు.)

మామయ్య: మా చీటీలో ఈ దొంగాట లేదు. 20 మంది, నెలకి 5 వేలు, 20 నెలలు. లక్ష పోగవుతుంది. గరజున్నవాడు 30 వేలు వదులుకుని 70 వేలకి పాడుకుంటాడు. కమీషన్ 5 వేలు మాది. తక్కిన 25 వేలు 20 మందికీ పంచితే తలా 1,250. లెక్క గోడ మీద రాసి ఉంటుంది, కూరగాయలమ్మే ఆవిడకి కూడా అర్థమవుతుంది.

అమ్మాయి: అందులో ఎవరు ఎవరికి వడ్డీ కట్టినట్టు? గరజున్నవాడు గరజు లేనివాళ్ళకి కట్టాడు. పాట మొదలవగానే ఎవడు తొందరపడుతున్నాడో చూసి, వాడింట్లో పెళ్ళో ఆపరేషనో అని మిగతావాళ్ళు గుసగుసలాడుకునేవాళ్ళు. చిన్నప్పుడు నీ ఆఫీసు బల్ల కింద కూర్చుని నేనూ విన్నాను.

మామయ్య: పాటన్నాక అంతేగా. మరి మీ దగ్గర గరజున్నవాడి సంగతేమిటి?

అమ్మాయి: మా దగ్గర అది తిరగబడుతుంది. గరజు కనపడిందా, పైసా రాదు. అవతల ఇంకో ఇద్దరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టు కనపడాలి, నీకు పెద్ద అవసరం లేనట్టు కనపడాలి.

మామయ్య: నిండిన కడుపుకే విస్తరి వేస్తారన్నమాట.

అమ్మాయి: నేను నేర్పేది అదే అనుకో, ఆకలి కనపడకుండా నిలబడటం. కానీ నువ్వు ఆకలైనవాళ్ళకి పెట్టినట్టు మాట్లాడకు. పాడుకున్నవాడికి డబ్బు ఎప్పుడు చేతికిచ్చేవాడివి?

మామయ్య: ష్యూరిటీలు తెచ్చాక.

అమ్మాయి: ఎవరి ష్యూరిటీలు?

మామయ్య: గవర్నమెంటు ఉద్యోగులవి. జీతం సర్టిఫికెట్ పెట్టాలి. టీచర్లైతే మరీ మంచిది, బదిలీ అయినా జిల్లా దాటరు.

అమ్మాయి: చుట్టాల్లో, స్నేహితుల్లో అలాంటివాడు ఒక్కడూ లేకపోతే?

మామయ్య: వాణ్ణి ఆఖరి నెలల్లో పాడుకోమనేవాళ్ళం.

అమ్మాయి: అంటే వాడి డబ్బు వాడికే తిరిగిచ్చేవాళ్ళు.

మామయ్య: నేను ధర్మసత్రం నడపలేదమ్మా. పోతే నలుగురి డబ్బూ పోతుంది.

అమ్మాయి: తప్పు పట్టడం లేదు. పరపతి అనే మాట చూడు. సహకార పరపతి సంఘం అని బోర్డు మీద రాస్తే అప్పు అని అర్థం. 'ఆయనకి ఊళ్ళో పరపతి ఉంది' అంటే మాట చెల్లుతుందని అర్థం. రెండింటికీ ఒకటే మాట పెట్టుకున్నాం. రెండోది ఉన్నవాడికే మొదటిది దొరికేది కాబట్టే ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి.

మామయ్య: తప్పేముంది? 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల మూలధనంతో పుట్టింది. పెట్టిన పట్టాభి సీతారామయ్య గారు డాక్టరు, బ్యాంకరు కాదు. వాటాలు కొన్నవాళ్ళు ఏ స్లైడు చూసి కొన్నారు?

అమ్మాయి: పట్టాభి గారిని చూసి కొన్నారు. అదేగా నేను చెప్పేది! మరి పట్టాభి కానివాడు ఎక్కడికెళ్ళాలి? వాళ్ళ నాన్న ఎవరో, ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలో, ఎవరి తాలూకో అడక్కుండా 5 నిమిషాలు వినే చోటు ఒకటి ఉండాలి కదా. పిచ్ అంటే అది. మైకు ముందు ఎవడికైనా అదే 5 నిమిషాలు.

(సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్ పడింది. 1998లో వాజపేయి గారు దీన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ బండలేనని మామయ్య నాకు చెప్పారు. నేనప్పుడు ఇంకా ఆరో తరగతి. ఇప్పుడు ఆ గుండ్రటి భవనం పక్కన ఫ్లైఓవర్లు మొలిచి, అదే పొట్టిగా కనపడుతోంది.)

మామయ్య: అప్పుడూ ఇలాగే బిల్డింగు కట్టి, ఇక వ్యాపారం పుడుతుందన్నారు.

అమ్మాయి: పుట్టలేదా ఏమిటి? ఇక్కడ పుట్టింది ఉద్యోగాలు. సొంత కంపెనీ పెట్టుకునేవాళ్ళ కోసం 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది. 2018లో ఆడవాళ్ళకి వీ-హబ్. 2022 జూన్‌లో టీ-హబ్ రాయదుర్గంలో పెద్ద భవనానికి మారింది. మరుసటేడు వస్తువులు తయారుచేసి చూసుకునేవాళ్ళకి పక్కనే టీ-వర్క్స్ వచ్చింది. బిల్డింగ్ వ్యాపారం చెయ్యదు, నిజమే. కానీ సూర్యాపేట నుంచి వచ్చిన కుర్రాడు ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా నేరుగా లోపలికి రాగలుగుతున్నాడు.

మామయ్య: ఆగు. సూర్యాపేట కుర్రాడంటే ఆ వడ్ల డబ్బా వాడేనా? వాడి గురించే అడుగుదామనుకుంటున్నాను. వాణ్ణి చూసి నవ్వారు.

అమ్మాయి: జడ్జీలు నవ్వలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

మామయ్య: నవ్వు నవ్వే.

చదివేవాళ్ళకి ఆ కుర్రాడి సంగతి కాస్త చెప్పాలి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటేనే మద్దతు ధరకి తీసుకుంటారు. కేంద్రంలో తేమ చూసి, కాంటా వేసి, లారీ ఎక్కిస్తారు. మిల్లు దగ్గర దించేటప్పుడు తేమ ఎక్కువుందని, తాలుందని బస్తాకి కిలో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తరుగు తీస్తారు. కేంద్రంలో 17 ఉన్నది మిల్లులో ఎలా పెరిగిందో చెప్పే నాథుడుండడు. ఈ కుర్రాడు చేసిన డబ్బా తేమ కొలిచి, తేదీ, వేళ, చోటు వేసిన చీటీ ఒకటి చేతిలో పెడుతుంది, రైతు ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. జడ్జీ "మార్కెట్ సైజ్ ఎంత?" అని ఇంగ్లీషులో అడిగితే, వాడు కాసేపు తడుముకుని "సార్, మా చుట్టుపక్కల 22 కేంద్రాలున్నాయ్" అన్నాడు. నవ్వు వచ్చింది అక్కడే.

మామయ్య: ఏడుగురిలో తన అంకె తనకి తెలిసినవాడు వాడొక్కడే. మిగతా ఆరుగురూ చెప్పినవి ఎవరో రాసిన రిపోర్టులోంచి ఎత్తుకొచ్చినవి. ఇంతింత వేల కోట్ల మార్కెట్, అందులో ఒక్క శాతం మాది అన్నారు. సముద్రంలో ఒక్క శాతం నాది అన్నట్టు.

అమ్మాయి: సరే, నువ్వు డబ్బు పెడతావా వాడికి?

మామయ్య: ... లేదు.

అమ్మాయి: ఎందుకని?

మామయ్య: ఎవరు కొంటారు ఆ డబ్బాని? రైతు కొనడు, ఏడాదికి రెండుసార్లు వాడేదానికి వేలు పెట్టడు. మిల్లరు కొనడు, తన మెడకి తాడు తనే కొనుక్కుంటాడా? గవర్నమెంటు టెండర్ అంటే బిల్లు చేతికొచ్చేసరికి వీడికి జుట్టు నెరుస్తుంది.

అమ్మాయి: జడ్జీ అడిగింది కూడా అదే మామయ్యా! ఇంగ్లీషులో అడిగాడు, అంతే.

మామయ్య: కాదు. ఎంతమంది కొంటారనేది ఒక ప్రశ్న. ఎవరు కొంటారనేది ఇంకో ప్రశ్న. ఎవరని అడిగితే ఆ కుర్రాడికి జవాబు దొరికేది, వాడు ఆ కల్లంలోనే పెరిగాడు. ఎంతమంది అని అడిగి వాడి నోరు మూయించారు.

(సాక్ష్యం చెప్పకుండా తప్పించుకున్నానన్నాను గానీ, ఇక్కడ నా ఓటు మామయ్యకే. మా ఆవిడ ఈ వాక్యం చదువుతుందని తెలిసే రాస్తున్నాను.)

మామయ్య: ఇక్కడికి రైల్లో ఆలేరు మీదుగా వచ్చాను. అక్కడి చింతకింది మల్లేశం చూడు. వాళ్ళమ్మ చీరకి ఆసు పోస్తూ చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి తిప్పి భుజం పట్టేసేది. అది చూడలేక మిషన్ చేశాడు, ఆమె పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఏ స్టేజీ మీద ఎవరికి పిచ్ చెప్పాడు? చెబితే ఏమయ్యేది? 'మార్కెట్ సైజ్?' 'ఆసు పోసే ఆడవాళ్ళు సార్.' 'థాంక్యూ, నెక్స్ట్.'

అమ్మాయి: ఆ మిషన్‌కి ఎన్నేళ్ళు పట్టింది?

మామయ్య: చాలా ఏళ్ళే. 1992లోనో ఎప్పుడో మొదలుపెట్టి, 99లో పూర్తి చేశాడు.

అమ్మాయి: ఏడేళ్ళు. డబ్బు చేతికి వచ్చినప్పుడు ఒక భాగం చెయ్యడం, అయిపోతే ఆపెయ్యడం, కూలికి పోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. మనకి అది గొప్ప కథ. సినిమా కూడా తీశారు, చూసి ఏడ్చాం. కానీ ఆ ఏడేళ్ళూ వాళ్ళమ్మ ఆసు పోస్తూనే ఉంది మామయ్యా. ఎవడో ఒకడు రెండో ఏడు రెండు లక్షలు ఇచ్చుంటే? కష్టపడి పైకొచ్చాడని మనం మెచ్చుకునే ప్రతి కథలోనూ, సమయానికి ఇవ్వనివాళ్ళు నలుగురుంటారు. వాళ్ళ పేర్లు మనకి తెలియవు, అంతే.

మామయ్య: (చాలాసేపటికి) అందులో నేనూ ఉండి ఉంటాను.

అమ్మాయి: నువ్వని కాదు.

మామయ్య: నేననే. ఒకడు వచ్చాడు, మిరపకాయల తొడిమలు తీసే మిషన్ అన్నాడు. ష్యూరిటీ లేదు. పంపేశాను. సర్లే. కానీ నీ ఫండువాళ్ళు మాత్రం ఇచ్చేవాళ్ళా మల్లేశానికి?

అమ్మాయి: ఇవ్వరు. అది ఫండు డబ్బుతో అయ్యే పని కాదు. ఇప్పుడు దానికి వేరే దారులున్నాయి. నమూనా చేసుకోవడానికి కేంద్రం సీడ్ ఫండ్ స్కీములో ఇంక్యుబేటర్ ద్వారా 20 లక్షల దాకా గ్రాంట్ ఇస్తూ వచ్చారు, వాటా ఇవ్వక్కర్లేదు. ఇక్కడ రాష్ట్రంలో 'ఇంటింటా ఇన్నోవేటర్' అని పంద్రాగస్టుకి జిల్లా జిల్లాకీ ప్రదర్శన పెడతారు. చిన్నవాటికి చిన్న డబ్బు, పెద్దవాటికి పెద్ద డబ్బు. స్కైరూట్ ఉందిగా, ఇస్రో మానేసి వచ్చిన ఇద్దరు 2018లో ఇక్కడే పెట్టారు. నాలుగేళ్ళకి, 2022 నవంబరు 18న, శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. మన దేశంలో ప్రైవేటు వాళ్ళు చేసిన మొదటి రాకెట్. నీ 20 మంది చీటీలో రాకెట్ వస్తుందా?

మామయ్య: రాదు. ఒప్పుకున్నాను. రాకెట్‌కి చీటీ చాలదు. కానీ వాళ్ళ విషయంలో ఇస్రో అన్న మాటే ష్యూరిటీ. అసలు ఇందాకటి నుంచి అదే గమనిస్తున్నాను. నా ఆఫీసులో జీతం సర్టిఫికెట్ అడిగానని దెప్పావు. మీ హాల్లో మొదటి స్లైడు మీద ఏముంది? ఐఐటీ ముద్ర, బిట్స్ ముద్ర, అమెరికా కంపెనీ ముద్ర. అవేమిటి మరి?

అమ్మాయి: ...

మామయ్య: ఇంకోటి కూడా ఉంది, ఇంగ్లీషు. మనిషికి 5 నిమిషాలు అందరికీ సమానమన్నావు. ఇంట్లో ఇంగ్లీషు ఉన్నవాడికి ఆ 5 నిమిషాలూ 5 నిమిషాలే. ఆ కుర్రాడికి రెండే. మిగతా మూడూ మాట వెతుక్కోవడానికే పోయాయి.

అమ్మాయి: తెలుగులో చెప్పమన్నాను మామయ్యా. నిజంగా. రిహార్సల్లో తెలుగులో చెప్పినప్పుడు ఎంత బాగా చెప్పాడో! కల్లంలో వాళ్ళ నాన్న టార్పాలిన్ కప్పి రాత్రంతా కాపలా పడుకోవడం, లారీ కోసం తొమ్మిది రోజులు చూడటం. జడ్జీల్లో ఇద్దరికి తెలుగు వచ్చు కూడా. వాడే ఒప్పుకోలేదు.

మామయ్య: ఏమన్నాడు?

అమ్మాయి: "తెలుగులో చెబితే చిన్న యాపారం అనుకుంటరు మేడమ్" అన్నాడు.

(జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోయింది. మామయ్య జేబులోంచి పెన్ను తీశారు. కంటి ఆసుపత్రి ఫైలు అట్ట మీద ఏదో రాయడం మొదలుపెట్టారు. లైటు వేయమన్నారు.)

మామయ్య: బస్తా 40 కిలోలు. 'ఏ' గ్రేడు వడ్ల మద్దతు ధర ఎంత ఇప్పుడు?

అమ్మాయి: 2025-26కి క్వింటాలు 2,389.

మామయ్య: కిలో 24 వేసుకుందాం. మూడెకరాల రైతుకి 180 బస్తాలు. బస్తాకి కిలో పోతే 4,300. ఇది వాడికి బాధే గానీ డబ్బా కొనేంత కాదు. ఇప్పుడు కేంద్రం లెక్క చూడు. 20 వేల బస్తాలొచ్చాయనుకో. 20 వేల కిలోలు. 4 లక్షల 80 వేలు. డబ్బా ధరెంత చెప్పాడు?

అమ్మాయి: 18 వేలు.

మామయ్య: కేంద్రం నడిపేదెవరు?

అమ్మాయి: చాలాచోట్ల ఐకేపీ మహిళా సంఘాలు.

మామయ్య: తరుగు తీసినప్పుడు రైతు ముందు ఎవర్ని తిడతాడు? మిల్లరు కనపడడు, ఆఫీసరు దొరకడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఆ సంఘం ఆడమనిషినే తిడతాడు. ఆమెకి కావాలమ్మాయ్ ఈ డబ్బా. రైతుకి తరుగు తగ్గుతుందో లేదో తర్వాత. 'నేను వేసినప్పుడు 17 లోపే ఉంది, ఇదిగో చీటీ' అని చూపించుకోవడానికి.

అమ్మాయి: ఇది వాడి స్లైడుల్లో ఎక్కడా లేదు.

మామయ్య: స్లైడులు దిద్దింది ఎవరు?

అమ్మాయి: నేనే. నాలుగో స్లైడులో దేశం మొత్తం ధాన్యం లెక్క పెట్టించాను. అందరూ పెడతారని. (కాసేపాగి) కానీ మామయ్యా, ఆమె చీటీ చూపిస్తే మిల్లరు లెక్కచేస్తాడా? 'నీ డబ్బా తప్పు' అంటాడు. ఆ చీటీని నమ్మేదెవరు? దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర కావాలి, కొనుగోళ్ళు చూసే శాఖ ఒప్పుకోవాలి. లేకపోతే అది కాగితం ముక్క.

మామయ్య: అవును. చీటీకి కూడా ష్యూరిటీ కావాలి.

అమ్మాయి: అది అడగలేదు జడ్జీలు.

మామయ్య: నేనూ అడగలేదు ఇప్పటిదాకా. అల్లుడూ, ఖమ్మం బస్సు సూర్యాపేట మీదుగానేగా పోయేది?

అవునన్నాను.

మామయ్య: సోమవారం డాక్టరు చూడటం అయ్యాక రైలు వద్దు, బస్సులో పోతాను. అమ్మాయ్, ఆ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పు, ఒక కేంద్రం చూపించమను. ఇంగ్లీషు కాగితాలేమీ తేవద్దను.

అమ్మాయి: ఎవరొస్తున్నారని చెప్పను?

మామయ్య: ఎవరు కొంటారో చూడటానికి ఒక ముసలాయన వస్తున్నాడని చెప్పు. డబ్బు పెట్టేవాడని మాత్రం చెప్పకు. మళ్ళీ బట్టీ పట్టి చెప్పడం మొదలుపెడతాడు.